పేపర్ డబ్బా పోయిన చోట

మా గల్లీ మెయిన్ రోడ్డులో కలిసే మూల మీద మొన్న సంక్రాంతి దాకా ఒక పేపర్ డబ్బా ఉండేది. నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల లోతు, పాత రేకు. ముందువైపు రెండు గుంజల మధ్య నైలాన్ తాడు కట్టి ఉండేది. బట్టలారేసే క్లిప్పులతో ఆ రోజు పేపర్లన్నీ మొదటి పేజీ కనబడేలా దానికి వేలాడేవి. కింద చెక్క మీద దొంతరలు, గాలికి ఎగరకుండా ఒక్కో దొంతర మీద ఒక్కో కంకరరాయి. ఆ రాళ్లు ఏళ్ల తరబడి అవే. చేతులు తగిలి తగిలి నున్నబడ్డాయి.

డబ్బా నడిపే పెద్దాయనని అందరం కాకా అనే పిలుస్తాం. పేరు రాయను, రాస్తే ఆయనకే ఇబ్బంది.

తాడు మీద పేపర్లకి ఒక వరస ఉండేది. ఎడమ చివర ఉర్దూవి: సియాసత్, మున్సిఫ్, ఏతెమాద్. వాటి పక్కన హిందీ మిలాప్. మధ్యలో తెలుగువి, కుడి చివర ఇంగ్లీషువి. ఈ వరస ఎందుకని ఒకసారి అడిగాను. "ఉర్దూ చదివేటోళ్లు మసీదు దిక్కుకెళ్లి వస్తరు బిడ్డా, ఇంగ్లీషోళ్లు బస్టాపు దిక్కుకెళ్లి. ఎవరికి కావల్సింది వాళ్లకి ముందుగాల కనబడాలె గద" అన్నాడు. పదిహేడేళ్లు పేపర్ డెస్కులో కూర్చుని, ఏ వార్త ఏ పేజీలో ఎక్కడ పెట్టాలా అని తలబద్దలు కొట్టుకున్నవాణ్ణి నేను. ఆ లెక్క ఆయనకి నాకంటే బాగా తెలుసనిపించింది.

కొనేవాళ్లు తక్కువ, నిలబడి చదివేవాళ్లు ఎక్కువ. మాది అశోక్ నగర్, చిక్కడపల్లి మధ్య ప్రాంతం. సెంట్రల్ లైబ్రరీ దగ్గర, కోచింగ్ సెంటర్ల చుట్టూ గ్రూప్స్‌కి చదివే పిల్లలు వేలల్లో ఉంటారు. రూములో నలుగురు కలిసి ఒక పేపర్ వేయించుకుంటారు. మిగతావి కాకా తాడు మీద చదువుకుంటారు. మెడ పక్కకి వంచి, మడత కింద పడిన వార్త కోసం మోకాళ్లు వంచి, జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి రాసుకునేవాళ్లని ఎంతమందిని చూశానో. కాకా ఎవరినీ పొమ్మనలేదు. చేత్తో పట్టుకుని నలిపితే మాత్రం "కొనేటోడు నలిగిందంటే తీసుకోడు నాయనా" అనేవాడు, అంతే. ఒకే సంఘటనకి మూడు పేపర్లు మూడు రకాల హెడ్డింగులు పెడితే ఆ మూడూ పక్కపక్కనే కనబడే చోటు మా పేటలో అదొక్కటే. పేపర్ని అనుమానంతో చదవాలని ఆ పిల్లలకి ఏ కోచింగ్ సెంటరూ నేర్పలేదు, ఆ తాడు నేర్పింది.

సంక్రాంతి వెళ్లాక ఒక మంగళవారం పొద్దున ఏడున్నరకి లారీ వచ్చింది. ఏ ఆఫీసు తరఫున వచ్చారో, ఎవరు పంపారో ఇక్కడ రాయను, ఎందుకంటే నా గొడవ ఒక ఆఫీసుతోనో ఒక అధికారితోనో కాదు. ఫుట్‌పాత్ ఖాళీ చేయిస్తున్నామన్నారు. ముందురోజు చెప్పలేదు. కాగితం చూపలేదు. కాకా తాడు విప్పుకుంటానన్నాడు, ఆగలేదు. తాడుతో, క్లిప్పులతో, పేపర్లతో సహా డబ్బాని ఎత్తి లారీలో వేశారు. నేను పాల ప్యాకెట్టు కోసం వెళ్లి అది చూశాను. లారీ కదిలేటప్పుడు ఒక పేపర్ క్లిప్పుకి వేలాడుతూ గాలికి రెపరెపలాడింది. రాళ్లు మాత్రం ఫుట్‌పాత్ మీద మిగిలాయి.

సాయంత్రం ఎత్తుకెళ్లిన సామాను పెట్టిన చోటికి కాకాతో పాటు నేనూ వెళ్లాను. గోడ పక్కన తోపుడు బండ్లు, తట్టలు, స్టూళ్లు, వాటి మధ్య మన డబ్బా. లోపల పొద్దుటి పేపర్లు అలాగే ఉన్నాయి. అక్కడున్నాయన మర్యాదగానే మాట్లాడాడు. పెద్దసారు లేరు, రేపు రండి, జరిమానా కట్టి తీసుకుపోండి అన్నాడు. కాకా ఒక్క మాటే అన్నాడు: "రేపిస్తే నేనేం జేసుకోను సారూ? రేపటికి అవి పొట్లాలకే గద."

ఆ మాట నన్ను వదల్లేదు. ఈ వ్యాసం ఆ మాట వల్లే రాస్తున్నాను.

పేపర్ ఎంతసేపు బతుకుతుందో డెస్కులో ఉన్నవాడికి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. అర్ధరాత్రి దాటాక సిటీ ఎడిషన్ ఆఖరి పేజీ వదిలి ఇంటికి పోయేవాళ్లం. మా పని అయిపోయిందనుకునేవాళ్లం, నిజానికి అప్పుడే మొదలయ్యేది. మూడున్నర, నాలుగింటికి వ్యాను వచ్చి మూసిన షాపుల ముందు బండిళ్లు పడేస్తుంది. ఏజెంట్లు, కుర్రాళ్లు ఆ మెట్ల మీదే కూర్చుని పట్టీలు కోసి, మెయిన్‌లో సిటీ పేపర్ దూర్చి, పాంప్లెట్లు పెట్టి, లెక్కపెట్టుకుని సైకిళ్ల మీదా బండ్ల మీదా పోతారు. ఐదున్నరకల్లా కాకా డబ్బా తెరుచుకునేది. పదింటికి అమ్మకం సగం చచ్చిపోతుంది. సాయంత్రానికి ఆ కాగితం విలువ కిలో లెక్కకి దిగిపోతుంది. ఇంతమంది రాత్రంతా మేలుకుని చేసిన పనికి నాలుగైదు గంటల ఆయుష్షు. ఆ నాలుగైదు గంటలు ఎవరైనా అడ్డం పడితే, ఆ రోజుకి ఆ పేపర్ ఆ మూల మీద అచ్చు కానట్టే.

డెస్కులో నాతో పనిచేసిన పాత మిత్రులకి ఈ సంగతి చెబితే పాపం అన్నారు. ఇది పత్రికా స్వేచ్ఛకి సంబంధించిన విషయం అంటే మాత్రం ఒప్పుకోలేదు. అది కబ్జా తొలగింపు, టీ బండి తీసినట్టే పేపర్ డబ్బా తీశారు, దాంట్లో పత్రికల మీద కక్ష ఎక్కడుంది అన్నారు. కక్ష లేదు. నేనూ ఒప్పుకుంటాను. ఆ లారీలో వచ్చినవాళ్లలో ఒక్కరికీ ఏ పేపర్లో ఏం రాశారన్న ధ్యాస లేదు. అయినా ఇది పత్రికా స్వేచ్ఛ విషయమే అంటాను.

హైదరాబాదులో పత్రికా స్వేచ్ఛ అనగానే మనకి షోయబుల్లా ఖాన్ గుర్తొస్తాడు. గుర్తు రావాలి కూడా. 1948 ఆగస్టులో ఒక రాత్రి, తాను నడిపే ఉర్దూ పత్రిక ఇమ్రోజ్ ఆఫీసు నుంచి ఇంటికి వస్తుంటే కాచిగూడలో ఆయన మీద దాడి చేసి, రాసిన చేతిని నరికి చంపారు. మా పేట నుంచి కాచిగూడ ఎంతో దూరం లేదు. ఆయన ఇమ్రోజ్ పెట్టకముందు పనిచేసిన పత్రికల్ని నిజాం ప్రభుత్వం మూయించింది. ఈ ఊళ్లో పుట్టి పెరిగినవాడికి పత్రికా స్వేచ్ఛ అంటే రాసే చెయ్యి. అందుకే మన కళ్లు ఎప్పుడూ రాసేవాడి మీదే ఉంటాయి. ఎడిటర్‌ని అరెస్టు చేస్తే ప్రెస్ క్లబ్బులో సమావేశం పెడతాం, రిపోర్టర్ మీద కేసు పెడితే ధర్నా చేస్తాం. రాసింది చదివేవాడి చేతికి చేరే ఆఖరి పది గజాల దారి గురించి మాత్రం ఎవరం అడగం.

మన సుప్రీంకోర్టు అడిగింది. అదీ రాజ్యాంగం అమల్లోకి వచ్చిన నాలుగు నెలలకే. బొంబాయిలో రొమేష్ థాపర్ నడిపే క్రాస్ రోడ్స్ అనే ఇంగ్లీషు వారపత్రిక తమ రాష్ట్రంలోకి రాకూడదని 1950 మార్చిలో మద్రాసు ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. బెజవాడ, గుంటూరు, విశాఖపట్నం, కర్నూలు, అనంతపురం అన్నీ అప్పుడు మద్రాసు రాష్ట్రంలోనివే. అంటే ఆ నిషేధం పడింది సగానికి పైగా తెలుగువాళ్ల మీద కూడా. ప్రభుత్వం పత్రికని మూయలేదు, అచ్చు ఆపలేదు, ఎడిటర్‌ని పట్టుకోలేదు. ఇక్కడికి రాకూడదంది, అంతే. ఆ ఏడాది మే 26న జస్టిస్ పతంజలి శాస్త్రి రాసిన తీర్పు ఆ ఉత్తర్వుని కొట్టేసింది. ప్రచురించే స్వేచ్ఛ ఎంత ముఖ్యమో పంచే స్వేచ్ఛా అంతే ముఖ్యం, చేరవేత లేనప్పుడు ప్రచురణకి విలువ లేదు అన్నది ఆ తీర్పు సారం. ఆ తరవాత 1951లో మొదటి రాజ్యాంగ సవరణ వచ్చి, శాంతిభద్రతల పేరుతో పరిమితులు పెట్టే వీలు 19(2) అధికరణంలో చేరింది. కానీ పంపిణీ కూడా స్వేచ్ఛలో భాగమేనన్న మాట చెక్కుచెదరలేదు. 1961లో సకాల్ పేపర్ల కేసులోనూ కోర్టు దాని మీదే నిలబడి, పేపర్ ధరనీ పేజీలనీ ముడిపెట్టిన చట్టాన్ని కొట్టేసింది.

ఆ 1950 తీర్పులో పతంజలి శాస్త్రి గారు ఆ మాటకి ఆధారంగా రెండు అమెరికా కేసుల్ని చూపించారు. అందులో ఒకటి ఒక చిన్న ఊరి మునిసిపాలిటీ కేసు. నేను డెస్కులో ఉండగా ఈ తీర్పు గురించి ఎన్నోసార్లు రాశాను, ఆ సంగతి మాత్రం ఎప్పుడూ పట్టించుకోలేదు. కాకా డబ్బా పోయాక కూర్చుని చదివితే కనబడింది. జార్జియా రాష్ట్రంలో గ్రిఫిన్ అనే ఊరు. ఊళ్లో ఏ రకం అచ్చు కాగితం పంచాలన్నా సిటీ మేనేజరు రాతపూర్వక అనుమతి తీసుకోవాలని ఆ ఊరి పురపాలక శాసనం. ఆల్మా లవెల్ అనే ఆవిడ అనుమతి అడక్కుండా మతానికి సంబంధించిన పుస్తకాలు పంచింది. 50 డాలర్ల జరిమానా, కట్టకపోతే 50 రోజుల జైలు అన్నారు. 1938లో అమెరికా సుప్రీంకోర్టు ఆ శాసనాన్నే కొట్టేసింది. పత్రికా స్వేచ్ఛ పెద్ద దినపత్రికలకే కాదు, కరపత్రానికి కూడా ఉందనీ, పంచడానికి ముందే అనుమతి తీసుకోమనడం సెన్సారేననీ చెప్పింది. మన దేశంలో పత్రికా స్వేచ్ఛకి వేసిన మొదటి పునాదిరాళ్లలో ఒకటి ఒక మునిసిపాలిటీ ఆఫీసు గడప దగ్గర దొరికిందన్నమాట. మునిసిపాలిటీకీ పత్రికా స్వేచ్ఛకీ ఏం సంబంధం అనే మిత్రులకి నా మొదటి జవాబు ఇది.

రెండో జవాబు కాకా డబ్బా దగ్గరే జరిగింది. కొన్నేళ్ల కింద, ఎన్నికల ముందు. ఒక పేపర్లో మొదటి పేజీ మీద ఒక లోకల్ నాయకుడి గురించి పెద్ద వార్త వచ్చింది. పొద్దున ఆరున్నరకి ఇద్దరు కుర్రాళ్లు బండి మీద వచ్చి ఆగారు. తిట్టలేదు, బెదిరించలేదు. "కాకా, ఈ డబ్బాకి పర్మిషన్ ఉందా?" అని ఒకడు అడిగాడు. ఇంకోడు ఆ పేపర్ వైపు చూశాడు. పోయారు. కాకా ఆ పేపర్ని తాడు మీదనుంచి తీసి కింద దొంతరలో, అదీ వెనక్కి తిప్పి పెట్టాడు. అడిగినవాళ్లకి ఇచ్చాడు, అడగనివాళ్లకి కనబడలేదు. నేను ఏమీ అనలేదు. అనే హక్కు నాకు లేదు. పర్మిషన్ లేనిది నా డబ్బాకి కాదు.

ఆ ప్రశ్నలో ఎంత బలం ఉందో చూడండి. పేపర్ గురించి ఒక్క మాట లేదు. ఆయన దగ్గర చూపించడానికి ఒక కాగితం ఉండి ఉంటే ఆ ప్రశ్న అక్కడే చచ్చిపోయేది. ఆ కాగితం ఆయన ఎన్నోసార్లు అడిగాడు, ఇవ్వం అని ఎవరూ అనలేదు, ఇచ్చిందీ లేదు. చూద్దాం, సర్వే అవుతోంది, రండి, అన్నారు. ఇవ్వకుండా, కాదనకుండా ఇరవై ఏళ్లు గడిచాయి. ఎవరికి కోపం వచ్చినా, ఎవరికి ఎప్పుడు అవసరం పడినా, ఆ డబ్బా మీద చెయ్యి వేసే వీలు అలా తెరిచే ఉంది.

సరిగ్గా ఇదే సంగతి అమెరికాలో లేక్‌వుడ్ అనే ఊరి కేసులో తేలింది. క్లీవ్‌లాండ్ పక్కనుండే ఊరు అది. అక్కడ పేపర్లు ఫుట్‌పాత్ మీద నాణెం వేసి తీసుకునే పెట్టెల్లో అమ్మేవాళ్లు. మొదట ఊరంతా పెట్టెలు వద్దన్నారు. కోర్టు ఒప్పుకోకపోతే కొత్త శాసనం తెచ్చి, ఏటేటా అనుమతి ఇచ్చే అధికారం మేయరుకి ఇచ్చారు. తనకి అవసరమనిపించిన ఇతర షరతులు కూడా మేయరు పెట్టొచ్చన్నారు. ఆ మేయరు ఫలానా పేపర్ని కాదన్నాడని కేసులో లేదు. అయినా 1988లో నలుగురు జడ్జీలు ఒకవైపు, ముగ్గురు ఇంకోవైపు ఉండి ఆ అధికారాన్ని కొట్టేశారు. వాళ్లు చెప్పిన కారణం తేలిగ్గా అర్థమయ్యేదే. ఏడాదికోసారి మేయరు సంతకం కోసం వెళ్లాల్సిన పేపర్, ఆ మేయరు మీద వార్త రాసేటప్పుడు ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తుంది. మేయరు నోరు విప్పాల్సిన పని కూడా లేదు. రాసిపెట్టిన కొలతలు లేని అధికారం ఉండటమే చాలు.

మన దగ్గర సంతకం కోసం వెళ్లేది పేపర్ యాజమాన్యం కాదు, కాకా లాంటివాళ్లు. కాబట్టి భయపడేదీ వాళ్లే. ఎడిటర్ ధైర్యంగా రాసిన వార్త, లాయర్ చూసి ఓకే చేసిన వార్త, రాత్రంతా ప్రెస్సులో తిరిగిన వార్త, పొద్దున ఆరున్నరకి ఒక ముసలాయన చేతిలో వెనక్కి తిరిగిపోతుంది.

ఎమర్జెన్సీ మొదటి రాత్రి సంగతి కూడా ఈ కోణంలోంచి చూడాలి. 1975 జూన్ 25 రాత్రి ఢిల్లీలో బహదూర్ షా జఫర్ మార్గ్‌లోని పత్రికాఫీసులకి కరెంటు తీసేశారు. ఆజ్ఞ పైనుంచి వచ్చింది, ఆ వీధికి కరెంటిచ్చేది మాత్రం ఢిల్లీ మునిసిపల్ కార్పొరేషన్ కింద పనిచేసే సంస్థ. హిందుస్థాన్ టైమ్స్, స్టేట్స్‌మన్ మర్నాడు బయటికి రాగలిగాయి, ఎందుకంటే వాటికి కరెంటు న్యూఢిల్లీ మునిసిపాలిటీ నుంచి వచ్చేది. మునిసిపాలిటీ సరిహద్దు గీతకి ఒకవైపున్న పేపర్లు ఆగాయి, ఇంకోవైపున్నవి అచ్చయ్యాయి. సెన్సారు అధికారి కుర్చీలో కూర్చోకముందే పని జరిగిపోయింది. రోడ్డూ, కరెంటూ, నీళ్లూ చూసే ఆఫీసు చేతిలో పత్రికల గొంతు ఎంతవరకూ ఉంటుందో ఆ ఒక్క రాత్రి చెబుతుంది.

ఇక చట్టం సంగతి. ఫుట్‌పాత్ మీద వ్యాపారం చేసుకోవడం రాజ్యాంగంలోని 19(1)(జి) కింద ప్రాథమిక హక్కేననీ, సమంజసమైన పరిమితులకి లోబడి ఉంటుందనీ 1989లోనే సోదన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2014లో వీధి వ్యాపారుల చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రతి ఊళ్లో టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. సర్వే పూర్తి చేసి సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. సర్టిఫికెట్ ఉన్నవాళ్లని కదిలించాలంటే 30 రోజుల నోటీసు ఇవ్వాలి. ఇంత స్పష్టంగా రాసి ఉంది. కాకా దగ్గర 2020లో వచ్చిన స్వనిధి పథకం కింద తీసుకున్న 10,000 రూపాయల లోను కాగితం ఉంది, ఆ బాకీ తీర్చిన రసీదూ ఉంది. అప్పు ఇచ్చేటప్పుడు వీధి వ్యాపారిగా గుర్తించారు, లారీ ఎక్కించేటప్పుడు గుర్తించలేదు.

సరుకు స్వాధీనం చేసుకుంటే ఎప్పుడు తిరిగివ్వాలో కూడా ఆ చట్టంలో ఉంది. చెడిపోని సరుకైతే అడిగిన రెండు పనిదినాల్లో, చెడిపోయే సరుకైతే అడిగిన రోజే. ఇక్కడే కాకా మాట గుర్తొస్తుంది. దినపత్రిక ఏ కోవకి చెందుతుంది? చెడిపోయే సరుకంటే ఏమిటో చట్టం విడమర్చి చెప్పలేదు. ఆఫీసువాళ్ల దృష్టిలో చెడిపోయేవంటే టమాటాలు, పూలు, చేపలు. పేపర్ కాగితం కాబట్టి స్టూళ్లతో, ప్లాస్టిక్ బొమ్మలతో పాటు గోడ పక్కన పడి ఉంది. కానీ టమాటా రెండో రోజు కూడా కూరకి పనికొస్తుంది. నిన్నటి పేపర్‌కి నిన్నటి ధర ఎవరిస్తారు? మిగిలిన కాపీలు చూపిస్తే ఏజెంటు కొంతవరకూ వెనక్కి తీసుకునేవాడు. లారీలో పోయిన కాపీలు చూపించలేడు కాబట్టి ఆ డబ్బు మొత్తం కాకా జేబులోంచే పోయింది. ఊరంతటిలో అన్నిటికంటే తొందరగా చెడిపోయే సరుకు పేపరే. ఆ మాట నిబంధనల్లో రాసిపెట్టాలని నేను గట్టిగా కోరుతున్నాను.

ఫుట్‌పాత్ నడిచేవాళ్లదే. ఈ మాట నేను మనస్ఫూర్తిగా అంటున్నాను. మా అమ్మ వాకర్ పట్టుకుని నడుస్తుంది. గుడికి రెండు వందల గజాలు వెళ్లడానికి ఆవిడ మూడుసార్లు రోడ్డు మీదకి దిగాలి, ఒక్కోసారి బస్సు పక్కనుంచే పోతుంది. అడ్డం లేని ఫుట్‌పాత్ జీవించే హక్కులో భాగమేనని 2025 మేలో సుప్రీంకోర్టు అన్నప్పుడు నేను సంతోషించాను. 2022 అక్టోబరులో ట్రాఫిక్ పోలీసులు అడ్డంగా పెట్టిన బండ్లనీ, కబ్జాలనీ తొలగించే ఆపరేషన్ రోప్ మొదలుపెట్టినప్పుడూ మంచిదే అనుకున్నాను. డబ్బా పోయాక అమ్మ దారి సుఖమైందా అని మర్నాడే వెళ్లి చూశాను. ఆ మూల మీద మూడు బైకులు నిలబెట్టి ఉన్నాయి. వాటి వెనక ట్రాన్స్‌ఫార్మర్ గద్దె. దాని పక్కన ఎవరిదో పుట్టినరోజు ఫ్లెక్సీ, దాని కర్రలు ఫుట్‌పాత్ టైల్స్ పగలగొట్టి పాతారు. అమ్మ అక్కడ ఇప్పటికీ రోడ్డు మీదకే దిగుతోంది.

అమెరికాలోని సిన్సినాటి నగరంలో ఇలాంటి కేసే ఒకటి నడిచింది. ఫుట్‌పాత్ అందంగా, భద్రంగా ఉండాలని ప్రకటనల పత్రికల పెట్టెలు 62 తీసేయమన్నారు. మామూలు దినపత్రికల పెట్టెలు అదే ఊళ్లో పదిహేను వందలకి పైగా అలాగే ఉండనిచ్చారు. 62 తీసేస్తే ఊరికి ఒరిగిందేమిటని 1993లో అక్కడి సుప్రీంకోర్టు అడిగి, ఆ నిషేధాన్ని కొట్టేసింది. మన మూల మీదా అదే అడగాలి. నడిచేవాళ్ల కోసమే అయితే బైకులూ పోవాలి, ఫ్లెక్సీ కూడా పోవాలి. బలం లేనివాడి డబ్బా ఒక్కటే పోతే అది నడిచేవాళ్ల కోసం జరిగిన పని కాదు.

ఇప్పుడెవరు కొంటున్నారు పేపర్, అంతా ఫోన్లోనే కదా అంటారు. నిజమే, నేనూ ఫోన్లో చదువుతాను. కానీ ఫోన్ నాకు నిన్న నేను చదివినలాంటిదే ఇవాళ చూపిస్తుంది. కాకా తాడు నేను ఎన్నడూ చేతిలో పట్టుకోని పేపర్ హెడ్డింగు కూడా చూపించేది. ఇంకో సంగతి ఉంది. పెద్ద పేపర్లకి చందాదారులున్నారు, ఇంటికి వస్తాయి, వాటికి డబ్బా లేకపోయినా గడుస్తుంది. నష్టపోయేవి చిన్న పత్రికలు. ఒకరిద్దరు కలిసి నడిపే మాసపత్రికలు, పక్షపత్రికలు, కథల పత్రికలు, ఏదో ఒక వాదం కోసం ఇల్లు తాకట్టు పెట్టి తెచ్చేవి. వాటికి యాప్ ఉండదు, హోర్డింగు ఉండదు. కాకా డబ్బా పక్క చెక్కే వాటి షోరూము. ఒకప్పుడు నేను కూడా నా మొదటి కథ అచ్చయిన పత్రికని అలాంటి చెక్క మీదే చూసుకున్నాను. మొదట నమ్మలేదు, తరవాత మూడు కాపీలు కొన్నాను. ఆదివారం ఆబిడ్స్‌లో మూసిన షాపుల ముందు పరిచే పాత పుస్తకాల గురించీ నాకు ఇదే దిగులు. ఢిల్లీలో దర్యాగంజ్ ఆదివారం పుస్తకాల బజారుని ట్రాఫిక్ కారణంతోనే 2019లో ఆ ఫుట్‌పాత్‌ల మీదనుంచి తీసి ఒక ఆవరణలోకి పంపారు. బజారు బతికింది. దారిన పోతూ అనుకోకుండా ఆగి ఒక పుస్తకం చేత్తో పట్టుకునేవాడు మాత్రం ఆవరణలోకి రాడు.

నేను అడిగేది డబ్బాలన్నిటినీ ఎక్కడ పడితే అక్కడ ఉండనివ్వమని కాదు. పేపర్ డబ్బాకి ఎంత కొలత ఉండొచ్చో, మూల నుంచి ఎంత ఎడం ఉండాలో, నడిచే దారి ఎంత వదలాలో రాసి అందరికీ కనబడేలా పెట్టండి. దరఖాస్తు ఇస్తే ఫలానా రోజుల్లోగా అవునో కాదో చెప్పండి, కాదంటే ఎందుకో కాగితం మీద రాయండి. అక్కడ ఏ పేపర్ అమ్ముతున్నారన్నది ఏ దశలోనూ ఎవరూ అడగకూడదు. కదిలించక తప్పకపోతే అదే రోడ్డు మీద ఇంకో చోటు చూపించి కదిలించండి. ఒకవేళ డబ్బా తీసినా, పేపర్లు ఆయన చేతికిచ్చి తియ్యండి. ఈ ఆఖరిదానికి చట్టం మార్చనక్కర్లేదు, రెండు నిమిషాలు ఆగితే చాలు. జర్నలిస్టు సంఘాలకీ ఒక మాట. ఇళ్ల స్థలాల కోసం, అక్రిడిటేషన్ కార్డుల కోసం మనం ఎన్నో వినతిపత్రాలిచ్చాం. మన పేపర్ అమ్మేవాడి కోసం ఒక్కటి ఇచ్చినట్టు నాకు గుర్తులేదు. టౌన్ వెండింగ్ కమిటీ సమావేశానికి ఒక ఎడిటర్ వెళ్లి కూర్చుంటే ఆ గదిలో గాలి మారుతుంది.

కాకా ఇప్పుడు మూసిన ఒక షాపు మెట్ల మీద పట్టా పరిచి కూర్చుంటున్నాడు. షాపువాళ్లు తొమ్మిదింటికి వస్తారు కాబట్టి ఎనిమిదిన్నరకే లేవాలి. తాడు కట్టే వీల్లేదు, పేపర్లన్నీ దొంతరగా ఒకదాని మీద ఒకటి. పాత రాళ్లు మాత్రం తెచ్చుకున్నాడు.

పోయిన వారం ఇద్దరం కూర్చుని సర్టిఫికెట్ కోసం మళ్లీ దరఖాస్తు రాశాం. పేరు, వయసు, ఆధార్, ఎన్నేళ్లుగా చేస్తున్నారు, ఏ చోట. అమ్మే సరుకు అనే చోట ఒక గీత ఖాళీగా ఉంది. పేపర్లు అని రాస్తే సరిపోతుందా కాకా అన్నాను. "అన్ని పేర్లు రాయి బిడ్డా" అన్నాడు. తాడు మీద వరస ఎలా ఉండేదో అలాగే చెప్పుకుపోయాడు, ఉర్దూవి, హిందీ, తెలుగు, ఇంగ్లీషు. గీత నిండి పక్కకి పోయింది. పెన్ను మూత పెట్టబోతుంటే ఆగమన్నాడు. వరంగల్ నుంచి నెలకి రెండుసార్లు వచ్చే ఒక పత్రిక పేరు చెప్పాడు.

"మూడు కాపీలే వస్తయి కాకా, అది కూడా రాయాల్నా?"

"రాయి. దానికోసం వచ్చేటోడు దానికోసమే వస్తడు."